విద్యుత్ రంగానికి ఉమ్మడి తెలుగు పదకోశం: తరచుగా అడిగే ప్రశ్నలు

విద్యుత్ రంగంలో ఇంజినీర్లు, లైన్‌మన్లు, అనువాదకులు, ఉపాధ్యాయులు, విలేకరులు ఒకే పదకోశాన్ని కలిసి తయారుచేసుకోవాలన్న మాట ఎత్తినప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతుంటాయి. ఈ పనిలో చేయి కలపదలచినవారి కోసం వాటికి జవాబులను వీలైనంత వివరంగా ఇక్కడ పొందుపరుస్తున్నాము.

నిఘంటువులు ఉన్నాయి కదా, మళ్లీ పదకోశం ఎందుకు?

నిఘంటువు ఒక మాటను తీసుకుని దానికి ఎన్ని అర్థాలున్నాయో చెబుతుంది. సాంకేతిక పదకోశం చేసే పని దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. అది ముందుగా ఒక భావనను తీసుకుని, దాని హద్దులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో నిర్వచించి, ఆ తరువాత ఆ భావనను ఎవరెవరు ఏయే మాటలతో పిలుస్తున్నారో నమోదు చేసి, వాటిలో ఏది ఎక్కడ వాడదగినదో సూచిస్తుంది. "కరెంటు" అన్న మాటనే చూడండి. ఇంట్లో "కరెంటు పోయింది" అన్నప్పుడు దాని అర్థం సరఫరా ఆగిందని. "కరెంటు ఎక్కువ కాలింది" అన్నప్పుడు వాడిన యూనిట్లు. "కరెంటు కొట్టింది" అన్నప్పుడు విద్యుదాఘాతం. ఆంపియర్లలో కొలిచేటప్పుడు విద్యుత్ ప్రవాహం. అర్థాల మధ్య తేడా సందర్భాన్ని బట్టి మనకు తెలిసిపోతుంది కాబట్టి ఇంట్లో ఇబ్బంది లేదు. కానీ ఒక భద్రతా సూచననో, టారిఫ్ (ఛార్జీల) ఉత్తర్వునో, కొలత పరికరం వెంట వచ్చే వివరణనో రాసేటప్పుడు ఈ నాలుగింటికీ నాలుగు నమోదులు ఉండి తీరాలి.

ఇటువంటి పని ప్రపంచంలో ఎక్కడైనా జరిగిందా?

జరిగింది, అదీ విద్యుత్ రంగంలోనే మొదటగా జరిగిన పనుల్లో ఒకటి. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ, విద్యుత్ యంత్రాల పేర్లనూ వాటి రేటింగులనూ ప్రామాణికం చేయడానికి దేశాల ప్రతినిధులతో ఒక కమిషన్ ఉండాలని తీర్మానించింది. ఆ తీర్మానం ఫలితంగా 1906లో లండన్‌లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్, అంటే ఐఈసీ, ఏర్పడింది. లార్డ్ కెల్విన్ దాని తొలి అధ్యక్షుడు. యంత్రాల ప్రమాణాలతో పాటు వాటి పేర్ల ప్రమాణం కూడా పుట్టుకలోనే ఆ సంస్థకు అప్పగించిన బాధ్యత అన్నది గమనించదగిన విషయం. 1938లో ఐఈసీ తన అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ పదావళి తొలి కూర్పును వెలువరించింది. నేడు అది ఐఈసీ 60050 ప్రమాణంగా, ఎలక్ట్రోపీడియా అనే పేరుతో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. అందులో ఇంగ్లిష్, ఫ్రెంచ్ భాషల్లో నిర్వచనాలతో 20,000కు పైగా భావనలు ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్లకు 421, స్విచ్‌గేర్‌కు (సర్క్యూట్లను తెరిచి మూసే పరికరాలకు) 441, ఎర్తింగుకు 195 అని భాగాలకు సంఖ్యలిచ్చి, ప్రతి భావనకూ ఆ భాగంలో ఒక స్థిరమైన సంఖ్యను కేటాయించారు. జర్మన్, స్పానిష్, జపనీస్, చైనీస్, అరబిక్ వంటి భాషలవారు తమ పదాలను ఆ సంఖ్యల పక్కనే చేర్చుకుంటూ వచ్చారు. మనం అనుసరించవలసిన మార్గం కూడా ఇదేనని నా దృఢమైన అభిప్రాయం: మాటకు మాట పెట్టడం మాని, ఆ సంఖ్య సూచించే భావనకు తెలుగు మాటను చేర్చాలి.

పారిభాషిక పదశాస్త్రానికి ఆద్యుడిగా పేరుపొందిన ఆస్ట్రియా దేశస్థుడు యూగెన్ వూస్టర్ కూడా ఇంజినీరే. సాంకేతిక రంగంలో, అందులోనూ ముఖ్యంగా విద్యుత్ సాంకేతికతలో, భాషను అంతర్జాతీయంగా ప్రామాణికం చేయడం గురించిన ఆయన గ్రంథం 1931లో వచ్చింది.

తెలుగులో ఇంతకుముందు ఏమీ జరగలేదా?

జరగలేదనడం అన్యాయం. కేంద్రంలో శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం 1961లోనూ, హైదరాబాదులో తెలుగు అకాడమి 1968లోనూ ఏర్పడ్డాయి. వాహకం, బంధకం, నిరోధం, ప్రేరణ, ఏకముఖ ప్రవాహం, ఏకాంతర ప్రవాహం వంటి మాటలతో తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివిన తరాలు మన మధ్య ఉన్నాయి. ఆ పదాల్లో చాలావరకు చక్కనివి, నిలబడినవి. కాకపోతే అవి తరగతి గది కోసం తయారైనవి. 33 కేవీ (కిలోవోల్టుల) సబ్‌స్టేషన్‌లో ఉండే బ్రేకర్, ఐసోలేటర్, బస్‌బార్, జంపర్, బుషింగ్ వంటి వాటి సంగతి పాఠ్యపుస్తకాలకు అవసరం పడలేదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి విడిపోయి ఉత్పత్తికి జెన్‌కో, ప్రసారానికి ట్రాన్స్‌కో ఏర్పడడం, 2000లో పంపిణీ సంస్థలైన డిస్కమ్‌లు రావడం, 2003లో కొత్త విద్యుత్ చట్టం అమలులోకి రావడం వల్ల వీలింగ్ (ఇతరుల విద్యుత్తును తన తీగల ద్వారా చేరవేయడం), ఓపెన్ యాక్సెస్ (కోరుకున్నవారి నుంచి విద్యుత్తు కొనేందుకు ఆ తీగలను వాడుకునే అవకాశం), ట్రూ అప్ (ఆమోదించిన ఖర్చుకూ అసలు ఖర్చుకూ తేడాను సరిచేయడం) వంటి మరో మాటల దొంతర వచ్చిపడింది. వీటికి తెలుగులో ఎవరికి తోచినట్లు వారు రాసుకుంటున్నారు.

భావనతో మొదలుపెట్టకపోతే వచ్చే నష్టం ఏమిటి?

"సామర్థ్యం" అన్న ఒక్క మాటను పరిశీలిస్తే చాలు. మన పాఠశాల పుస్తకాల్లో, ఒక సెకనులో జరిగే పనికి, అంటే వాట్లలో కొలిచే రాశికి, సామర్థ్యం అని పేరు. పత్రికల్లో ఒక విద్యుత్ కేంద్రం గరిష్ఠంగా ఎంత ఉత్పత్తి చేయగలదో చెప్పడానికి "స్థాపిత సామర్థ్యం" అంటారు. ఇంధనాన్ని వృథా కాకుండా వాడే గుణానికి "ఇంధన సామర్థ్యం" అంటారు; ఇదే గుణాన్ని ఇంటర్మీడియట్ పుస్తకం "దక్షత" అంటుంది. ఒక మోటారు గురించి "దీని సామర్థ్యం తక్కువ" అని రాస్తే, అది 3 హార్స్‌పవర్ మోటారు అని చెబుతున్నారా, 5 హార్స్‌పవర్‌దే అయినా విద్యుత్తును వృథా చేస్తోందని చెబుతున్నారా అన్నది చదివే రైతుకు తెలియదు. మొదటి సందర్భంలో అతడు పెద్ద మోటారు కొనాలి, రెండో సందర్భంలో అదే పరిమాణంలో మంచి మోటారు కొనాలి.

దీనికి తోడు మన వాడుకలో "శక్తి" ఒక పక్క యూనిట్లనూ, మరో పక్క వాట్లనూ సూచిస్తుంది. 100 మెగావాట్ల కేంద్రం రోజంతా ఆగకుండా నడిస్తే 24 లక్షల యూనిట్లు (కిలోవాట్-గంటలు) వస్తాయి. మెగావాట్లు వేరు, మిలియన్ యూనిట్లు వేరు. ఈ రెండూ కలగలిసిన వార్తలు తరచూ కనిపించడానికి విలేకరుల అజాగ్రత్త కన్నా, వేరువేరు భావనలకు వేరువేరు మాటలు స్థిరపడకపోవడమే ముఖ్య కారణమని నేను భావిస్తాను. మా ప్రతిపాదన ఇది: వాట్లలో కొలిచేదానికి "పవర్" లేదా "విద్యుత్ సామర్థ్యం", యూనిట్లలో కొలిచేదానికి "విద్యుత్ శక్తి", కేంద్రం గరిష్ఠ హద్దుకు "స్థాపిత సామర్థ్యం", వృథా కాని నిష్పత్తికి "దక్షత". విశేషణం లేకుండా "సామర్థ్యం" అని ఒంటరిగా వాడడాన్ని పదకోశం నిరుత్సాహపరచాలి.

ట్రాన్స్‌ఫార్మర్‌ను తెలుగులో ఏమనాలి?

అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. కొన్ని పత్రికలు "నియంత్రిక" అని రాస్తున్నాయి. ఆ మాట వినసొంపుగానే ఉన్నా, ట్రాన్స్‌ఫార్మర్ దేనినీ నియంత్రించదు. 11 కేవీగా వచ్చినదాన్ని 433 వోల్టులకు మార్చి ఇస్తుంది. వోల్టేజీని నిజంగా నియంత్రించే వోల్టేజి రెగ్యులేటర్లు, మోటార్లను నియంత్రించే కంట్రోలర్లు ఇదే రంగంలో ఉన్నాయి. పైగా టారిఫ్ నిర్ణయించే సంస్థకు "విద్యుత్ నియంత్రణ మండలి" అని పేరు స్థిరపడింది. "నియంత్రిక" ఇలా మూడు చోట్ల తగాదా తెస్తుంది. "పరివర్తకం" అర్థరీత్యా సరైనదే, పాఠ్యపుస్తకాల్లో ఉండనివ్వవచ్చు. అయితే ఊళ్లో ఎవరిని అడిగినా "ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది" అనే అంటారు. కాబట్టి "ట్రాన్స్‌ఫార్మర్" ప్రధాన పదం, "పరివర్తకం" విద్యారంగంలో అంగీకృత పదం, "నియంత్రిక" వాడకూడని పదం అని నమోదు చేయాలని మా సూచన. వాడకూడని పదాన్ని కూడా పదకోశంలో ఉంచడం తప్పనిసరి. పాత వార్తల్లో అది ఎదురైనవారికి దాని అర్థం దొరకాలి కదా.

ఇలా ఇంగ్లిష్ మాటలన్నిటినీ చేర్చుకుంటూ పోతే తెలుగు ఏమవుతుంది?

ఈ ఆవేదన నిజమైనదే, దాన్ని తేలికగా తీసుకోకూడదు. అయితే ఫ్యూజు, మీటరు, మోటారు, స్టార్టరు అన్నవి తెలుగు ప్రత్యయాలు తగిలించుకుని, "ఫ్యూజులు", "మీటరుకు", "మోటార్లతో" అని మన వ్యాకరణానికి లోబడి బతుకుతున్న మాటలు. వాటిని వెళ్లగొట్టి కొత్తవి తేవడం వల్ల భాషకు కలిగే మేలు నాకు కనిపించదు. మరోవైపు స్తంభం, తీగ, కోత, మంజూరు, బకాయి, వినియోగదారుడు, స్థిర ఛార్జీ, ఉత్పత్తి, పంపిణీ వంటి మాటలు ఉండగా వాటి స్థానంలో ఇంగ్లిష్ దూర్చడం కూడా అంతే అనవసరం. కొత్త భావనకు కొత్త మాట కట్టవలసివచ్చినప్పుడు అది పలకడానికి వీలుగా ఉందా, దాని నుంచి విశేషణం, క్రియ పుడతాయా, మరో భావనతో ఢీకొంటుందా అన్న మూడు విషయాలూ చూడాలి.

లైన్‌మన్ల వాడుక మాటలకు పదకోశంలో చోటెందుకు?

ప్రాణాలు ఆధారపడి ఉన్న మాటలు అక్కడే ఉన్నాయి కాబట్టి. స్తంభం ఎక్కేముందు "ఎల్‌సీ తీసుకున్నారా?" అన్నదే మొదటి ప్రశ్న. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఫలానా ఫీడర్‌పై (సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే లైన్‌పై) సరఫరా నిలిపివేశామని, పని ముగిసిందని చెప్పేవరకు తిరిగి ఇవ్వబోమని సబ్‌స్టేషన్ నుంచి పొందే అనుమతి అది. కానీ ఆ రెండు అక్షరాల వెనుక ఎన్ని పనులున్నాయో చూడండి: బ్రేకర్ తెరవాలి, ఐసోలేటర్ గానీ ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ గానీ తెరిచి, కళ్లకు కనిపించేటట్లు లైన్‌ను వేరుచేయాలి, తీగల్లో విద్యుత్తు లేదని పరీక్షించాలి, పనిచేసే చోటుకు రెండు వైపులా తీగలను భూమికి కలిపి ఎర్త్ చేయాలి. ఎక్కడో ఒక జనరేటర్ గానీ, సరిగా అమర్చని ఇన్వర్టర్ గానీ వెనుక నుంచి విద్యుత్తును పంపితే, ఎల్‌సీ చేతిలో ఉన్నప్పటికీ ఎర్త్ చేయని తీగ మనిషిని చంపుతుంది. అందువల్ల "ఎల్‌సీ" నిర్వచనంలో ఆ అనుమతి ఏ దశ వరకు హామీ ఇస్తుందో, ఏ దశలు పనిచేసేవారి బాధ్యతో విడమరిచి రాయాలి.

ఇక్కడ మరో చిక్కు ఉంది. రైల్వేలో కూడా "లైన్ క్లియర్" అన్న మాట ఉంది. అక్కడ దాని అర్థం, ముందున్న సెక్షన్‌లోకి రైలును పంపవచ్చని. విద్యుత్ శాఖలో లైన్ క్లియర్ అంటే మనుషులు ఆ లైన్ మీద పనిచేయవచ్చని. రైల్వేలో బండి ఆ లైన్ మీదికి రావచ్చని. రైలు మార్గాన్ని దాటే 11 కేవీ తీగల దగ్గర రెండు శాఖల సిబ్బందీ పక్కపక్కనే పనిచేస్తారు. నమోదులో రంగం పేరు రాయడం ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ మాటలను సేకరించడానికి ప్రశ్నపత్రాలు పనికిరావు. పని జరిగే చోట నిలబడి విని, ఆ మాటనూ అది వచ్చిన వాక్యాన్నీ యథాతథంగా రాసుకుని, సాయంత్రం వారి దగ్గరే సరిచూసుకోవాలి. "జంపరు తెగింది", "లైన్ ఛార్జ్ చేశారు", "ఫీడర్ ట్రిప్పయింది", "లోడు ఎక్కువైంది" వంటి వాక్యాలు మాటకన్నా విలువైనవి, ఎందుకంటే ఏ క్రియతో ఏ నామం కలుస్తుందో అవే చెబుతాయి.

ఒకే మాట రెండు భావనలకు స్థిరపడిపోతే ఏం చేయాలి?

రెండు నమోదులు రాసి, ఒకదాని నుంచి మరొకదానికి హెచ్చరిక పెట్టాలి. "నష్టాలు" అన్న మాట తీగల్లో వేడిగా పోయే విద్యుత్తుకూ, డిస్కమ్ ఖాతాల్లోని ఆర్థిక లోటుకూ ఒకేలా వాడుతున్నారు. "డిస్కమ్ నష్టాలు తగ్గాయి" అన్న శీర్షిక చూసి, తగ్గినది శాతమా రూపాయలా అన్నది తేల్చుకోలేము. అందుకని "లైన్ నష్టాలు", "ఆర్థిక నష్టాలు" అని ఎప్పుడూ విశేషణంతోనే రాయమంటున్నాము. "సర్దుబాటు ఛార్జీ" కూడా ఇలాంటిదే. ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చుల తేడాకూ, ఆమోదించిన ఖర్చుకూ అసలు ఖర్చుకూ మధ్య తేలిన ట్రూ అప్‌కూ ఇదే పేరు నడుస్తోంది.

"కోత" మరింత సున్నితమైనది. సరఫరా చాలక ఆపినా, మరమ్మతుల కోసం ముందే చెప్పి ఆపినా, గాలివానకు తీగ తెగి ఆగినా జనం కోత అనే అంటారు. సరఫరా ఎంత నమ్మకంగా ఉందో లెక్కించే సైఫీ (ఒక్కో వినియోగదారుకు సగటున ఎన్నిసార్లు ఆగింది), సైడీ (సగటున ఎంతసేపు ఆగింది) సూచికలకు ఈ తేడాలు ముఖ్యం. ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ వెలువరించిన 1366 ప్రమాణం 5 నిమిషాలకు మించిన అంతరాయాన్నే దీర్ఘ అంతరాయంగా పరిగణిస్తుంది. కాబట్టి అన్నిటికీ ఉమ్మడి పదంగా "అంతరాయం" ఉంచి, దాని కింద "కోత", "ముందస్తు నిలిపివేత", "బ్రేక్‌డౌన్" అని మూడు భావనలను విడదీయడం మేలు.

నిర్వచనం ఎలా రాయాలి?

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ, అంటే ఐఎస్ఓ, వెలువరించిన 704 ప్రమాణం చెప్పే పద్ధతి సులభమైనదే: ముందుగా అది ఏ జాతికి చెందినదో చెప్పి, ఆ జాతిలోని తక్కినవాటి నుంచి దాన్ని వేరుచేసే లక్షణం చెప్పాలి. సర్క్యూట్ బ్రేకర్ అంటే "మామూలు లోడు ప్రవాహాన్నే కాక, షార్ట్ సర్క్యూట్ సమయంలో వచ్చే భారీ ప్రవాహాన్ని కూడా తెంచగల స్విచ్ పరికరం". ఐసోలేటర్ అంటే "లోడు లేనప్పుడు మాత్రమే తెరవదగిన, తెరిచినప్పుడు కనిపించే ఖాళీతో సర్క్యూట్‌ను వేరుచేసే స్విచ్ పరికరం". రెండూ ఒకే జాతివి. తేడా ఒక్క లక్షణంలో ఉంది. ఆ ఒక్క లక్షణం మరిచి లోడు మీద ఐసోలేటర్ తెరిచినవారి చేతులు కాలుతాయి. "విద్యుత్తును ఆపే పరికరం" అని రెండింటికీ ఒకే వాక్యం రాసే నిర్వచనాన్ని నిస్సంకోచంగా తిప్పి పంపాలి.

చట్టంలో నిర్వచనం ఉన్న మాటల సంగతి ఏమిటి?

చట్టం ఇచ్చిన అర్థాన్ని మనం మార్చలేము, మార్చకూడదు. 2003 విద్యుత్ చట్టంలోని 2వ సెక్షన్ ప్రకారం విద్యుత్ "సప్లై" అంటే లైసెన్సుదారుకు గానీ వినియోగదారుకు గానీ విద్యుత్తును అమ్మడం. మన "సరఫరా" మాత్రం తీగల ద్వారా చేరవేయడాన్ని స్ఫురింపజేస్తుంది. చేరవేయడానికి చట్టంలో ట్రాన్స్‌మిషన్, డిస్ట్రిబ్యూషన్, వీలింగ్ అని వేరే మాటలు ఉన్నాయి. అందుచేత "సరఫరా" నమోదులో వాడుక అర్థం, చట్టపరమైన అర్థం రెండూ పక్కపక్కన ఉండాలి.

"లో వోల్టేజి" విషయం ఇంకా విచిత్రమైనది. 1956 భారత విద్యుత్ నియమాలలో 250 వోల్టుల వరకు లో వోల్టేజి, 650 వరకు మీడియం, 33,000 వరకు హై, ఆపైన ఎక్స్‌ట్రా హై అని ఉండేది. ఐఈసీ పదావళిలో లో వోల్టేజి ఏసీలో (ఏకాంతర ప్రవాహంలో) సాధారణంగా 1,000 వోల్టుల వరకు వెళుతుంది. ఇక పల్లెలో "లో వోల్టేజి సమస్య" అంటే 230 రావలసిన చోట 170 వచ్చి ఫ్యాన్ తిరగడం లేదని. మూడు నమోదులు, మూడు మూలాలు, మూడు తేదీలు. నియమాలు మారినప్పుడు పాత నిర్వచనాన్ని చెరిపేయకుండా, అది ఎప్పటివరకు చెల్లిందో రాయాలి. పాత కేసులు, పాత ఒప్పందాలు చదివేవారికి అది కావాలి.

ఒక్కో నమోదులో ఏమేం ఉండాలి?

భావనకు ఒక సంఖ్య, వీలైతే దానికి సరిపోయే ఐఈసీ సంఖ్య, రంగం, తెలుగు నిర్వచనం, ప్రధాన పదం, అంగీకృత పదాలు, వాడకూడని పదాలు, క్షేత్రంలో విన్న వాక్యం, పదం దొరికిన మూలం, చివరిగా సరిచూసిన తేదీ. ఆరంభంలో ఒక మామూలు స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది. వరుసకు ఒక పదం కాకుండా వరుసకు ఒక భావన పెట్టుకుంటే, తరువాత పదకోశాల మార్పిడికి ఉన్న టీబీఎక్స్ రూపంలోకి, అంటే ఐఎస్ఓ 30042 ప్రమాణంలోకి, తేలికగా మార్చుకోవచ్చు.

ప్రాంతాల తేడాలను ఎలా చూడాలి?

గౌరవంగా చూడాలి. స్తంభం అన్నా, పోలు అన్నా, రాయలసీమలో కొన్నిచోట్ల వినిపించే కంబం అన్నా ఒకటే వస్తువు. అధికారిక పత్రాలకు ఒక మాట ఎంచుకున్నంత మాత్రాన తక్కినవి తప్పు కావు. ఫిర్యాదుల కేంద్రంలో ఫోన్ ఎత్తే ఉద్యోగికి ఈ మూడూ తెలియడం అత్యవసరం. కాబట్టి వెతికినప్పుడు దేనితో వెతికినా అదే నమోదు తెరుచుకోవాలి.

ఏకాభిప్రాయం రాకపోతే ఎవరు తేల్చాలి?

ఆ మాటను రోజూ వాడేవారి పక్షాన మొగ్గు ఉండాలి. భద్రతా పదాలకు క్షేత్ర సిబ్బంది, బిల్లు పదాలకు వినియోగదారులు, బోధన పదాలకు ఉపాధ్యాయులు. రెండు పదాలూ గట్టిగా నిలబడితే రెండింటినీ అంగీకృతంగా ఉంచి, ఏడాది వాడుక చూసి మళ్లీ కూర్చోవచ్చు. భద్రతకు సంబంధించిన మాటల్లో మాత్రం ఇటువంటి వాయిదా కూడదు. అక్కడ ఒక భావనకు ఒకే పదం ఉండాలి.

యంత్రానువాదం ఉండగా ఇంత శ్రమ అవసరమా?

యంత్రానికి కూడా ఈ పదకోశమే కావాలి. రంగం తెలియని అనువాదంలో బస్‌బార్ బస్సుగా, పవర్ ప్లాంట్ మొక్కగా, లైవ్ వైర్ "ప్రత్యక్ష తీగ"గా మారే ప్రమాదం ఉంది. నవ్వు తెప్పించే తప్పులను ఎవరైనా పట్టుకుంటారు. ప్రవాహం తిరిగి వెళ్లే న్యూట్రల్‌ తీగకూ, భద్రత కోసం భూమికి కలిపే ఎర్త్‌ తీగకూ తేడా చెరిపేసే అనువాదం మాత్రం చదవడానికి సాఫీగా ఉండి, కనిపించకుండా వెళ్లిపోతుంది. భయపడవలసింది దాని గురించే.

ఇతరుల నిర్వచనాలను యథాతథంగా తీసుకోవచ్చా?

ప్రమాణాల పాఠానికి హక్కులుంటాయి. భావనను అర్థం చేసుకుని నిర్వచనాన్ని మన మాటల్లో రాసి, సంఖ్యను మాత్రం చూపాలి. మనం తయారుచేసినదాన్ని ఎవరైనా వాడుకుని, సవరించి, తిరిగి పంచుకునే షరతులతో విడుదల చేయడం ఉత్తమం.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

రెండు కాగితాల నుంచి. ఒకటి ఇంటికి వచ్చే కరెంటు బిల్లు. అందులోని మంజూరు లోడు, స్థిర ఛార్జీ, సర్దుబాటు, బకాయి, సర్వీసు నంబరు, కేటగిరీ వంటి మాటలన్నిటికీ నిర్వచనాలు రాసి, పక్కింటివారికి చదివి వినిపించి, వారు అడిగిన ప్రశ్నలతో సవరించాలి. రెండవది ఎల్‌సీ నమోదు చేసే రిజిస్టరులోని పేజీ. దాన్ని ఒక సీనియర్ లైన్‌మన్‌తో, ఒక సబ్‌స్టేషన్ ఆపరేటర్‌తో కలిసి కూర్చుని వరుసవరుసగా చదవాలి. ఒకే గడిని వారిద్దరూ వేరువేరుగా అర్థం చేసుకుంటున్నట్లు తేలితే, పదకోశంలో మొట్టమొదటి నమోదు ఆ గడిదే కావాలి.